బాగా శ్రుతి తప్పిందే కావాలి

నెనిత అడిగిన మాటకు క్రిస్పులో అనే పెద్దాయనకి ఒళ్ళు మండింది.

“మీ కొట్టులో అన్నిటికంటే ఎక్కువ శ్రుతి తప్పిన పియానో ఏది?”

బకోర్ ఊళ్ళో, జపాన్ నుంచి దిగిన పాత సామాను అమ్మే కొట్టు అది. కుర్చీలు, సైకిళ్ళు, పింగాణీ గిన్నెల మధ్య ఓ పది పియానోలు. వాటిని బాగుచేసి శ్రుతి చెయ్యడం క్రిస్పులో పని. నలభై ఏళ్ళ అనుభవం. వచ్చినవాళ్ళు మంచిది చూపించమంటారు, లేదంటే చవకది చూపించమంటారు. చెడింది చూపించమన్న మనిషి ఇప్పుడే తగిలింది.

“పొద్దున్నే నేనే దొరికానా అమ్మా, ఎగతాళికి?”

“ఎగతాళి కాదు, మాంగ్ క్రిస్పులో. మావాడి కోసం” అంది నెనిత, పెద్దవాళ్ళని పిలిచినట్టు మర్యాదగా ‘మాంగ్’ అంటూ.

మావాడు అన్నవాడు ఆమె చొక్కా అంచు గుప్పిట్లో బిగించి పట్టుకుని ఉన్నాడు. పేరు ఓబెట్. తొమ్మిదేళ్ళు. మాట్లాడడు. మూడు బళ్ళు వాణ్ణి మావల్ల కాదని ఇంటికి పంపేశాయి. అక్షరం చూపిస్తే మొహం తిప్పేస్తాడు. అదే చెవిన పడిందంటే ఇక మర్చిపోవడమన్నది లేదు. సందు చివర జనాన్ని ఎక్కించుకునే జీప్నీ బండి మోత వింటే చాలు, ఎవరి బండో పట్టేసి, ఆ ఇంటివైపు వేలు చూపిస్తాడు. తల్లి కంటికి కనపడకపోతే మాత్రం గోడకేసి తల బాదుకుంటాడు. ఆమె స్నానానికి వెళ్ళినా తలుపు సందులోంచి చెయ్యి బయటపెట్టి ఉంచాల్సిందే. వాడి నుదురు చూసినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

“పోయిన నెల చర్చిలో మీరు పియానో శ్రుతి చేస్తున్నప్పుడు మేమక్కడే ఉన్నాం. వీడు నా చొక్కా వదిలేశాడు. పుట్టిన తరవాత అదే మొదలు” అంది నెనిత.

క్రిస్పులో నమ్మలేదు. పక్కనున్న పియానో మూత ఎత్తి, తీగ బిగించే తాళంచెవి తగిలించి, ఒకటే మెట్టు నొక్కడం మొదలెట్టాడు. టంగ్. కాస్త తిప్పడం. మళ్ళీ టంగ్. మామూలు మనిషికి పిచ్చెక్కించే పని. ఆ మోత పడలేక ఆయన భార్య పెళ్ళైన కొత్తలో రెండుసార్లు పుట్టింటికి పోయింది.

ఓబెట్ గుప్పిట వీడింది. మెల్లగా నడిచొచ్చి పియానో చెక్కకు చెవి ఆనించాడు. ఈగ వాలినా కదల్లేదు. తీగ సరైన చోట కుదరగానే గిరుక్కున వెనక్కి తిరిగి, తల్లిని చూసి నవ్వాడు.

“ఇంకోటి చెయ్యండి” అంది నెనిత, గోడ గడియారం చూస్తూ.

ఇంకోటి చేశాడు. ఆ తరవాత మరో నాలుగు. ప్రతిసారీ అంతే. తీగ కలిసేదాకా వాడికి లోకం లేదు. కలిసిన క్షణాన తల్లి కావాలి.

క్రిస్పులోకి కళ్ళు చెమర్చాయి. పిల్లల చేత బలవంతంగా మెట్లు నొక్కించి, చుట్టాల ముందు గొప్పలు పోయే తల్లులను ఎంతమందిని చూశాడో. పిల్లాడు దేనికి చెవి కోసుకుంటాడో కనిపెట్టి, దానికి తగ్గ పియానో వెతుక్కుంటూ వచ్చిన తల్లిని చూడడం ఇదే. ఇందాక కసురుకున్నందుకు సిగ్గేసింది.

కొట్టు వెనకమూల నుంచి గోధుమరంగు పియానో ఒకటి లాక్కొచ్చాడు.

“దీన్ని చూడు తల్లీ. ఓడలో ఉప్పునీళ్ళు తాగి వచ్చింది. రెండొందల పైచిలుకు తీగలు, ఒక్కటీ ఉండాల్సిన చోట లేదు.”

“మొత్తం చెయ్యడానికి ఎంతసేపు పడుతుంది?”

“నడుము ఎత్తకుండా చేస్తే పొద్దున్నుంచి సాయంత్రం దాకా.”

“ఇదే ఇవ్వండి.” బేరమన్నా ఆడలేదు. “శ్రుతి మాత్రం ఇక్కడ చెయ్యకండి. మంగళవారం మా ఇంటికొచ్చి చెయ్యాలి.”

“మంగళవారం నాకు వేరేచోట పనుంది. శనివారం వస్తాలే.”

“మంగళవారమే రావాలి, మాంగ్ క్రిస్పులో.” ఆమె ఓబెట్ తలను దగ్గరికి లాక్కుంది.

పిల్లాడి పుట్టినరోజేమో అనుకున్నాడు క్రిస్పులో. సరే అన్నాడు. పైగా కూలి కూడా వద్దన్నాడు.

మంగళవారం పొద్దున్నే వెళ్ళాడు. పియానోని గుమ్మానికి దూరంగా, లోపలి గోడకు ఆనించి పెట్టించారు. ఓబెట్‌కి తల దువ్వి, గోళ్ళు తీసి, కొత్త చొక్కా వేశారు. నెనిత కూడా కొత్త బూట్లు వేసుకుంది. వాడి అమ్మమ్మ నూడుల్స్ వండి పళ్ళెం తెచ్చింది. ఇంట్లో పండగే అనుకున్నాడు క్రిస్పులో. కడుపునిండా తిని పనిలోకి దిగాడు.

“మధ్యలో ఆపకండి” అంది నెనిత.

“నీ కొడుకు ఆపనిస్తే కదా.”

ఓబెట్ అప్పటికే చెక్కకు చెవి ఆనించేశాడు. మొదటి తీగ కలిసింది. వాడు తిరిగి నవ్వాడు. వెనకాల నిలబడ్డ నెనిత నవ్వింది. రెండోది కలిసింది. మూడోది. వాడు తిరిగినప్పుడల్లా ఆమె తలూపుతూనే ఉంది. పదోసారికి ఆమె చెంపలు తడిసి ఉన్నాయి. సంతోషంతోనే అనుకున్నాడు క్రిస్పులో.

పదకొండో తీగ మొండికేసింది. టంగ్. ఇంకొంచెం. టంగ్. బయట ఏదో బండి వచ్చి ఆగిన చప్పుడు. పిల్లాడికి వినపడలేదు. ఇంకొక్క వెంట్రుకవాసి తిప్పితే తీగ కలుస్తుంది.

అప్పుడు అమ్మమ్మ ఎముకల చెయ్యి ఆయన మణికట్టును గట్టిగా పట్టుకుంది. క్రిస్పులో తలెత్తి చూశాడు. నెనిత నిలబడిన చోట ఎవరూ లేరు.

ముసలామె ఆయన చెవిలో గుసగుసలాడింది. “మా సందులో రియాద్‌కు పనికి పోయే తల్లులంతా పిల్లలు నిద్రపోయాక చెప్పకుండా వెళ్ళిపోతారు బాబూ, వీడేమో చొక్కా పట్టు వదిలి నిద్రపోడు, అందుకే సాయంత్రం నా కూతురి విమానం లేచేదాకా ఆ తీగ కలవనివ్వకండి, కలిసిందంటే వీడు వెనక్కి తిరుగుతాడు.”