రబ్బరు పాల రాముడు

“ఎత్తు, ఎత్తు. ఆ గబ్బుతోళ్ళు నా అరుగు మీద పెట్టొద్దు,” అన్నాడు సోమశేఖర్ సెట్టి, కండువాతో ముక్కు మూసుకుని.

తోలుబొమ్మల ఆదెన్న అప్పుడే పెట్టె మూత తెరిచాడు. సెట్టి పామిడి పంచాయతీ ప్రెసిడెంటు పదవికి నిలబడ్డాడు. ఎన్నికకు ముందు ఊరంతటికీ రామాయణం ఆడించి, రాముడంటే తనే అనిపించుకోవాలని ఆయన ఎత్తు. పోటీలో ఉన్న వెంకటరాముడికి పేరులోనే రాముడున్నాడు. ఆ కడుపుమంటతో సెట్టికి తిన్నది అరగడం లేదు.

“మా తాతల కాలం నుంచి ఇవే గదా సెట్టీ ఆడిస్తాండేది,” అన్నాడు ఆదెన్న.

“మీ తాతలకు బుద్ధి లేదు. మద్రాసులో ఇప్పుడు రబ్బరు పాలతో బొమ్మలు పోస్తాండారు. మనిషి మొగం ఎట్లుంటే అట్లే దిగుతాది. రామునికి నా మొగం పెట్టిస్తా. నువ్వు పట్టుకోని ఆడించు, చాలు.”

ఊళ్ళో రబ్బరు పాల పని తెలిసినవాడు ఫకృద్దీన్. మద్రాసులో ఆటబొమ్మల కార్ఖానాలో పనిచేసి వచ్చిన మనిషి. అతను సెట్టిని బల్ల మీద పడుకోబెట్టి, మొహానికి నూనె పూసి, ఊపిరికని ముక్కులో రెండు బొప్పాయి కాడలు పెట్టి, పైన ప్లాస్టరు ముద్ద పరిచాడు. సెట్టి నోరు మూసుకుని ఉండటం ఊరు చూసింది ఆ ఒక్కసారే. ఆ భాగ్యం కోసం జనం పనులు మానుకుని మరీ వచ్చారు.

అచ్చు గట్టిపడ్డాక ఫకృద్దీన్ రబ్బరు పాల డబ్బా తెరిచాడు. ఆ ఘాటుకు వీధిలో మేకలు కూడా లేచి పారిపోయాయి. సెట్టికి కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి గానీ, ఈసారి కండువా ముక్కు దగ్గరికి పోలేదు.

“ఇది గబ్బు కాదు, సైన్సు,” అన్నాడు. పక్కనున్న భజనపరులు సైన్సే సైన్సే అన్నారు.

ఫకృద్దీన్ అచ్చులో పాలు పోసి, కాసేపుంచి, మిగిలినవి వొంపేశాడు. లోపల అంటుకున్న పొర ఆరిన తర్వాత ఒలిచి తీస్తే, మెత్తగా వేలాడుతూ సెట్టి మొగమే వచ్చింది.

“రాముడు అయిపోయినాడు సావుకారూ. రావణునికి ఇంగొక మనిషి పండుకోవల్ల. ఎవర్ని పిలుద్దాం?”

సెట్టి వీధిలో నిలబడినవాళ్ళను ఒకసారి కలియజూశాడు.

“నాకు ఎదురుగా నిలబెట్టే మొగం ఈ ఊర్లో ఎవరికుండాదప్పా? అన్నీ తవుడు తినే మొగాలు. నా అచ్చులోనే పొయ్యి. మీసాలు పెట్టి రంగు మారిస్తే రావణుడైతాడు.”

“మరి పది తలలు?”

“నా తల ఒగటే పది తలల పెట్టు.”

ఆదెన్న ఉండబట్టలేకపోయాడు. “తప్పు సెట్టీ. రామునికి జింక తోలు, రావణునికి ఎనుము తోలు. ఒగే తోల్లో ఇద్దర్నీ మేము కత్తిరియ్యం. పెట్టెలో గూడా పక్కపక్కన పండబెట్టం.”

“అది తోలు, ఇది చెట్టు పాలు. చెట్టుకు జింకేంది, ఎనుమేంది? గాడిదకేం తెలుస్తాది గంధం వాసన.”

ఆదెన్న తన పెట్టె మూత వేసేశాడు. ఇలాంటివాళ్ళకు చెప్పేకన్నా గోడకు చెప్పుకోవడం నయం.

ఫకృద్దీన్ భార్య హబీబా రంగులు వేసింది. రాముడికి నీలం పూసి, పెదవుల చివర్లు పైకి తిప్పి చల్లని నవ్వు పెట్టింది. రావణుడికి కనుబొమలు ముడిచి, కళ్ళు ఎర్రజేసి, కోరమీసాలు అంటించింది. తలలను కర్రలకు తొడిగి పట్టుబట్టలు చుడితే మనిషెత్తు బొమ్మలయ్యాయి.

ఆదివారం పొద్దున పెన్న ఇసుకలో పందిరి వేసి ఆట మొదలుపెట్టారు. దీపమూ తెరా అక్కర్లేదు, పట్టపగలే ఆడతాయి అని సెట్టి ముందే దండోరా వేయించాడు. జనం విరగబడి వచ్చారు. రాముడు లేచాడు. అచ్చం సెట్టే అని ముసలమ్మలు చేతులు జోడించారు. వెంకటరాముడి తల వాలిపోయింది. ఎన్నిక అక్కడికక్కడే అయిపోయిందనుకుని సెట్టి కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

అప్పుడు ఇవతలి పక్క నుంచి రావణుడు లేచాడు.

“ఈయనా సెట్టే గదనే,” అంది ఆ ముసలమ్మల్లో ఒకతె, మారెక్క.

“ఓటు యా సెట్టికి ఎయ్యల్లప్పా?” అన్నారు వెనక నుంచి ఎవరో. పందిరంతా గొల్లుమంది.

సెట్టి లేచి నిలబడ్డాడు. “నవ్వండి, నవ్వండి. పశువులకు రామాయణం ఆడించడం నాదే తప్పు. రాముడెవరో, రావణుడెవరో పోల్చుకోను చేతగాదు మీకు.” అంటూనే ముందు వరుసలో హారతి పళ్ళెంతో కూర్చున్న భార్య వైపు తిరిగాడు. “కన్యకా, నువ్వు పొయ్యి హారతియ్యి. మొగుడి మొగం నీకొకరు చూపించల్లనా? నువ్వు ఎవరికిస్తే ఆయనే రాముడని ఈ మొద్దులకు తెలుస్తాది.”

కన్యకమ్మ కాపురానికొచ్చిన నాటి నుంచీ మొగుడి మాట దాటని ఇల్లాలు. కర్పూరం వెలిగించుకుని బొమ్మల దగ్గరికి నడిచింది. జనం నవ్వు ఆపి చూస్తున్నారు. ఆమె రెండు మొగాలనూ చూసి, తడుముకోకుండా రావణుడి ముందు నిలబడి, భక్తిగా హారతి తిప్పి కళ్ళకద్దుకుంది.

“అమ్మా, ఆయప్ప రావణుడు తల్లీ. రాముడు అట్లపక్క ఉండాడు, చూడు,” అన్నాడు ఆదెన్న మెల్లగా.

కన్యకమ్మ రాముడిని ఎగాదిగా చూసి తల అడ్డంగా ఊపింది.

“మా ఇంటాయన ఈయనే అన్నా. ఆ నగుతాండే ఆయన్ని నేనెప్పుడూ చూళ్ళేదు.”