అట్ట లోపలి మాట

"ఈ పుస్తకం లోపల ఉన్నది గొడుగు పార్టీ మాట కాదండీ."

కౌంటరు అవతల నిలబడిన పెద్దాయన అన్న మొదటి మాట అది.

ప్రెస్సు ఓనరు తలెత్తి చూశాడు. ముక్కు మీదికి జారిన కళ్ళజోడు, ఎక్కడా ముడత లేని తెల్ల చొక్కా. రిటైరైన హెడ్మాస్టరెవరో కాబోలనుకున్నాడు. ఆయన చేతిలో గొడుగు బొమ్మ అట్టతో మేనిఫెస్టో ఉంది.

పోలింగుకి ఇంకా నాలుగు రోజులుంది. ఊళ్ళో ఉన్నవి రెండే పెద్ద పార్టీలు, గొడుగు, నిచ్చెన. రెండింటి మేనిఫెస్టోలూ ఈ ప్రెస్సులోనే అచ్చయ్యాయి. ఒకటే సైజు, ముప్పై రెండేసి పేజీలు. అట్టలు వేరే, లోపలి కాగితాలు వేరే అచ్చు వేసి, రెండూ కలిపి పిన్నులు కొట్టించింది ఓనరే.

"మా ప్రెస్సని ఎవరు చెప్పారు మీకు?"

"వెనక అట్ట మీద మీ పేరుందట."

"ఉంటుంది. అయితే ఏమిటంటారు?"

"గొడుగు వాళ్ళు మొదట్నుంచీ ఒకటే అంటారు బాబూ. బస్సులూ ఆస్పత్రులూ సర్కారు చేతిలోనే ఉండాలి, ఉన్నవాడి దగ్గర పన్ను తీసుకుని లేనివాడికి పెట్టాలి అని. నిచ్చెన వాళ్ళది ఇంకో దారి. పన్నులు తగ్గించండి, వ్యాపారం సర్కారు పని కాదు, ఎవరి కాళ్ళ మీద వాళ్ళని నిలబడనివ్వండి అంటారు. రెండిట్లోనూ న్యాయం లేకపోలేదు. కానీ ఈ గొడుగు పుస్తకంలో బస్సులు ప్రైవేటుకి ఇచ్చేస్తామని ఉంది."

"పార్టీలన్నాక మాట మార్చవా ఏమిటి?"

"ఒక మాట మారిస్తే సరే అనుకుందును. ఇది మొదటి నుంచి చివరిదాకా నిచ్చెన వాళ్ళ మాటే. నిచ్చెన పుస్తకం మా సందులో ఎవరూ పంచలేదు, పోల్చి చూద్దామంటే. ఇది అచ్చులో తప్పో, వాళ్ళే మారిపోయారో తేలాలి కదా. తేలకుండా ఓటెలా వెయ్యను?"

ఓనరుకి పిన్నులు కొట్టిన రోజు రెండు పార్టీల లోపలి కాగితాల దొంతరలూ ఒకే బల్ల మీద ఉన్న సంగతి గుర్తొచ్చింది. ఆ వెంటనే రోషం ముంచుకొచ్చింది. ముప్పై ఏళ్ళ ప్రెస్సు. గొడుగు పార్టీ అధ్యక్షుడంతటివాడు నిన్ననే ఫోన్ చేసి పుస్తకం అదిరిపోయిందన్నాడు.

"అంతంత పెద్దవాళ్ళకి కనపడనిది మీకొక్కరికే కనపడిందా?" పుస్తకం లాక్కుని మళ్ళీ ఆయన ముందు పడేశాడు. "ఏదీ, ఎక్కడుందో చదివి చూపించండి."

పెద్దాయన తెరవలేదు. దాన్ని రెండు చేతులతో మెల్లగా ఇటు జరిపాడు.

"మీరు చదవండి బాబూ. నేను వింటాను."

ఓనరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"నా చేత పాఠం అప్పజెప్పించుకుంటారా? ఏ ప్రెస్సువాళ్ళు పంపారు మిమ్మల్ని? నా పేరు చెడగొట్టి రమ్మన్నారా?"

పనివాళ్ళు మిషన్లు ఆపి మరీ చూస్తున్నారు.

"ఎవరూ పంపలేదు. ఒక్క పేజీ చదివితే..."

"ముందు మెట్లు దిగండి."

పెద్దాయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

"మార్కెట్టు వెనక మూడో సందులో ఉంటాను. ఎప్పుడైనా చూస్తే కబురు పెట్టండి" అని వెళ్ళిపోయాడు.

ఓనరు ఆ పుస్తకాన్ని సొరుగులో పడేశాడు. తెరవలేదు. తెరిస్తే ఏం కనపడుతుందోనన్న భయమే అసలు కారణమని అప్పుడు ఒప్పుకోలేదు.

పోలింగు అయిపోయింది. మర్నాడు పొద్దున ప్రెస్సులో సొరుగు సర్దుతూ భార్య ఆ పుస్తకం తీసి రెండు పేజీలు తిప్పింది.

"ఏమండీ, గొడుగు వాళ్ళు బస్సులు అమ్మేస్తారా? వాళ్ళు అలాంటివాళ్ళు కాదే."

ఓనరు మూలన మిగిలిన కట్టలోంచి నిచ్చెన పుస్తకం తీసి తెరిచాడు. అందులో గొడుగు మాట ఉంది. ఇంకోటి తెరిచాడు. అదీ అంతే. అన్నీ అంతే.

వేల పుస్తకాలు ఇంటింటికీ వెళ్ళాయి. రెండు పార్టీలవాళ్ళూ వేదికలెక్కి వాటిని ఊపుతూ గొంతులు చించుకున్నారు. ఒక్కరంటే ఒక్కరు లోపలికి చూడలేదు. అచ్చు వేసిన తనూ చూడలేదు. చూసిన ఒక్క మనిషిని మెట్లు దింపేశాడు. సిగ్గుతో భార్య మొహం చూడలేకపోయాడు.

పార్టీలవాళ్ళకి ఎలాగూ చెప్పాలి, వాళ్ళు పెట్టే చీవాట్లు ఎలాగూ తినాలి. కానీ ముందు ఆ పెద్దాయన కాళ్ళ మీద పడాలనిపించింది.

మూడో సందులో అడిగితే ఇస్త్రీ దుకాణం చూపించారు. ముడత లేని ఆ తెల్ల చొక్కా కళ్ళ ముందు మెదిలింది. లోపల ఒకావిడ ఇస్త్రీ చేస్తోంది.

"పెద్దాయన ఉన్నారామ్మా?"

"మామయ్యా? బట్టలిచ్చి రావడానికి వెళ్ళాడండి. మీరు?"

"ప్రెస్సు నుంచి వచ్చాను."

ఆవిడ చేయి ఆగింది.

"నిన్న రావాల్సిందండీ. పొద్దున్నుంచీ పోలింగు అయ్యేదాకా ఈ అరుగు మీదే కూర్చున్నాడు, మీ దగ్గర్నుంచి ఎవరైనా వస్తారేమోనని. ఓటు తప్పడం ఆయనకి ఇదే మొదటిసారి."

ఓనరు తల వంచుకునే అడిగాడు.

"ఊళ్ళో ఎవరూ చదవని పుస్తకం ఆయనొక్కడే చదివాడమ్మా. ఏం చదువుకున్నారాయన?"

కోడలు ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది.

"చదువెక్కడిదండీ, మామయ్యకి ఒక్క అక్షరమ్ముక్క రాదు, నేను చదువుతుంటే ఇస్త్రీ చేస్తూ వింటాడు."