లీటరు నీళ్ళు

“దాని నోట్లో చుక్క పోశావంటే చెయ్యి విరుస్తా నర్సమ్మా,” అంది పుల్లమ్మ, కూతురి మంచానికి అడ్డంగా నిలబడి.

రెబ్కాకి తెల్లవారుజాము నుంచి వాంతులూ విరేచనాలూ. తడిగుడ్డలా పడి ఉంది. పెదవులు ఎండి పగిలాయి, కళ్ళు గుంటల్లోకి పోయాయి. పోయేవాళ్ళు ముందు కళ్ళతోనే పోతారని నర్సు దేవకుమారికి తెలుసు. తుపాను వెలిశాక ఆ పల్లెకి కలరా వచ్చింది. నాలుగు రోజుల్లో ఐదుగురిని ఆమె అలాగే సాగనంపింది.

“ఒంట్లో నీళ్ళన్నీ పోయాయి పుల్లమ్మా. ఇప్పుడు నీళ్ళే మందు.”

“పోసిందల్లా పోతుంటే ఇంకా పొయ్యమంటావు. చిల్లికుండ ఎప్పటికి నిండుద్ది? ఎనకటి కలరాలో మా అమ్మ పిల్లల్ని గొంతు తడుపుకోనియ్యకుండా బతికించింది.”

“ఎంతమందిని?”

“నలుగురిలో నన్ను,” అంది పుల్లమ్మ. మంచం దగ్గర్నుంచి తప్పుకుంది.

సెలైను సీసాలు నిన్ననే అయిపోయాయి. దేవకుమారి సంచిలోంచి రెండు పొట్లాలు తీసి ఆమె చేతిలో పెట్టింది.

“ఉప్పూ గ్లూకోజూ ఉన్నాయి ఇందులో. కాచి చల్లార్చిన నీళ్ళు లీటరు కొలిచి, పొట్లం మొత్తం కలుపు. గుక్కగుక్కగా పడుతూనే ఉండు. ఒకటి అయిపోతే రెండోది.”

“ఉప్పుకి కూడా సర్కారు పొట్లమా? మా ఇంట్లో లేదనుకున్నారు గామాలు. సరే, చెంబుతో కలపనా?”

“చెంబులూ సోలలూ కుదరవు. నీళ్ళు తగ్గితే ఉప్పెక్కువై పిల్ల ప్రాణానికే ముప్పు. లీటరంటే లీటరే.”

“కూలోళ్ళ కొంపలో లీటరెక్కడిదమ్మా?”

“ఎక్కడన్నా సంపాదించు,” అంది దేవకుమారి. ఇంకా పదకొండు గడపలు తొక్కాలి. గబగబా బయటికి నడిచింది.

పొద్దు వాలుతుండగా తిరిగి వచ్చేసరికి పుల్లమ్మ వాకిట్లోనే ఎదురైంది.

“విరేచనాలు తగ్గినయ్యమ్మా. మధ్యాహ్నం కళ్ళు తెరిచి ‘అమ్మా’ అంది. రెండో పొట్లం కూడా సగం పట్టేసరికి ఏందోగా అయింది.”

దేవకుమారి మంచం పక్కన కూర్చుంది. పొద్దున పిడచకట్టిన నోటి నుంచి ఇప్పుడు చొంగ ధారగా కారుతోంది. ఒళ్ళంతా చెమట. చేతుల కండలు వాటంతటవే అదురుతున్నాయి. కనురెప్ప ఎత్తి చూస్తే కనుపాప ఆవగింజంత అయింది. కలరా ఇలా ఉండదు.

“ఏం పట్టావు దీనికి?”

“నువ్విచ్చిన పొట్లాలే.”

“నీళ్ళు కాచావా?”

“తెర్లకాచి చల్లార్చా.”

“ఎందులో కలిపావు?”

“నువ్వు చెప్పిన లీటరులోనే నర్సమ్మా. పల్లెంతా తిరిగి సంపాదించా. లీటరని దాని మీదే అచ్చేసుందంట, మా మరిది ఆదాం చదివి చెప్పాడు. బూడిదేసి మూడుసార్లు తోమా కూడా. ఆసామి పత్తికి పురుగుమందు కొట్టి పారేసిన డబ్బా.”