వెంట వచ్చిన ఇల్లు

ఇళ్లకు చక్రాలొచ్చాక పండగ ప్రయాణానికి సంచులు సర్దే బాధ తప్పింది. కౌముది, అనిరుధ్ దసరాకి బయల్దేరితే కుక్కరు, మంచం, ఆరీ ఆరని బట్టలతో సహా ఇల్లంతా వాళ్లతోనే కదిలి, తణుకులో అత్తగారి వాకిట్లో ఆగింది.

పండగ వెళ్లి వారమైంది. ఆ పొద్దున కూడా అత్తగారు గారెల పళ్లెంతో తలుపు తోసుకుని వచ్చింది. వెనకే ఆడపడుచులిద్దరూ.

"ఇక ఇంటికెళ్తాం అత్తయ్యా," అంది కౌముది నీరసంగా.

"ఇంకే ఇంటికే? మీ ఇల్లు మా వాకిట్లోనే ఉందిగా! దీపావళి వెళ్లాక చూద్దాంలే," అంటూ ఆవిడ వాళ్ల మంచం మీదే నడుం వాల్చింది.

పూర్వం ఇల్లు తాళం వేసి ఉందనో, మొక్కలు ఎండిపోతాయనో చెప్పి చుట్టాలు బయటపడేవాళ్లట. ఇప్పుడా సాకు కూడా మిగల్లేదు.

సాయంత్రం కూరగాయలకని చెప్పి ఇద్దరూ బయటికొచ్చారు. ఎవరూ వాడని పాత బస్టాండులో ఒక సిమెంటు బల్ల కనిపిస్తే కూర్చున్నారు. పలకరించేవాళ్లు లేరు. అనిరుధ్ చెప్పులు విప్పి కాళ్లు చాపుకున్నాడు. కౌముది అతని భుజం మీద తల వాల్చి కళ్లు మూసుకుంది.

"హమ్మయ్య," అంది. "ఇంటికొచ్చినట్టుంది బావా."