ఒంటికాయ శొంఠికొమ్ము

రిపేరైన లిఫ్టు తలుపు తెరుచుకోగానే, బిల్డింగు సెక్రటరీ మనవరాలిని చంకనేసుకుని గబగబా ముందుకు నడిచింది.

పై అంతస్తు పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగమ్మా. నేనొక్కణ్ణే వెళ్తాను."

"లోపల బోలెడు చోటుంది కదండీ! పిల్లకి జ్వరం."

"కాసేపే," అంటూ మొహం మీదే తలుపు వేసేసుకున్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. లిఫ్టు మళ్లీ కిందికొచ్చేదాకా ఆగకుండా, పిల్లను మోసుకుంటూ, రొప్పుకుంటూ మెట్లెక్కేసింది.

"మిలిటరీలో చేశాడట, తర్వాత పెద్ద ఆఫీసరట, దేశాలన్నీ తిరిగాడట! మనతో కలిసి లిఫ్టెక్కాలంటే నామోషీ కాబోలు," అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

ఒంటికాయ శొంఠికొమ్ము అని పేరు కూడా పెట్టింది. ఆ పేరు ఇట్టే అతుక్కుపోయింది.

నెల తిరక్కుండానే పెద్దాయన నిద్రలో పోయారు.

కింది హాల్లో సంస్మరణ సభ. సెక్రటరీ కాబట్టి ఆమె మాట్లాడి తీరాలి.

"ఏం చెప్పనండీ? ఒక్క మంచిమాటా తోచడం లేదు," అని భర్త దగ్గర మొత్తుకుంది.

"నాలుగు పొగిడేసి వచ్చెయ్. ఎవరడుగుతారు?"

"లేనిది చెప్పడం నావల్ల కాదు."

సభకు ఎక్కడెక్కడి వాళ్లో వచ్చారు. కుర్చీలు చాలలేదు.

ముందుగా ఒక ముసలి సైనికుడు మైకందుకున్నాడు.

"యుద్ధం ముగిసిన దేశాల్లో మందుపాతరలు తీయడం మా పని. తీసేశామంటే ఊరివాళ్లు నమ్మరు. ఎవరో ఒకరు పొలమంతా నడిచి చూపించాలి. దళంలో కింది ర్యాంకు వాళ్లను పంపడం అలవాటు. సార్ వచ్చాక అది చెల్లలేదు. తనే నడిచేవారు, ఒక్కరే. వెంటపడితే చీవాట్లు పెట్టేవారు!"

వెనక వరసలోంచి ఆఫీసు డ్రైవరు లేచాడు.

"వంతెనల ఆఫీసరయ్యాకా అంతేనండీ! కొత్త వంతెన వచ్చిందంటే, నన్ను ఒడ్డున దింపేసి, జీపు తనే నడుపుకుంటూ దాటేవారు. నాకు జీతమెందుకిస్తున్నారో అర్థమయ్యేది కాదు!"

హాలంతా ఘొల్లుమని నవ్వింది.

"ఆ పొలాల్లో ఇప్పుడు పంటలు పండుతున్నాయి!" సైనికుడు ఛాతీ విరుచుకున్నాడు. "మా దళంలో ప్రతివాడూ మనవల్ని ఎత్తుకున్నాడు!"

చప్పట్లు ఆగలేదు. అది సంతాపసభ అన్న సంగతే ఎవరికీ గుర్తులేదు.

సెక్రటరీకి మాత్రం లిఫ్టు తలుపు గుర్తొచ్చింది. పక్కనున్న వాచ్‌మన్‌ని గొంతు తగ్గించి అడిగింది.

"ఆ రోజు లిఫ్టులో ఆయన..."

"పైదాకా వెళ్లి కిందికొచ్చారమ్మా. మీకోసం చూశారు, అప్పటికే మీరు మెట్లెక్కేశారు. రిపేరైనప్పుడల్లా అంతే. తను ఎక్కి దిగితేగానీ ఎవర్నీ ఎక్కనిచ్చేవారు కాదు."

"మరి నాకు చెప్పవేం?"

"మీరు అడగలేదు కదమ్మా."

ఇంతలో ఆమెను పిలిచారు.

సిగ్గుపడుతూనే మైకు దగ్గరికి నడిచింది. ఒక్కసారి, ఆయన ఉన్నప్పుడు ఒక్కసారి పలకరించి ఉంటే ఎంత బాగుండేదనిపించింది. కళ్లు తుడుచుకుని, గొంతు పెంచింది.

"పెద్దాయన రిటైరయ్యారని ఎవరన్నారో గానీ, అది తప్పు. మా పిల్లల కోసం, ఈ బిల్డింగులో, మొన్నమొన్నటిదాకా డ్యూటీలోనే ఉన్నారు!"