మిల్లుకు గ్రేడు

అప్పు తీర్చే స్తోమతను బట్టి నూలు మిల్లుకు గ్రేడు వెయ్యడానికి వచ్చిన రేటింగ్ ఏజెన్సీ ఆఫీసరు ముందుగా క్యాంటీన్‌లోకి వెళ్లాడు. మూడు షిఫ్టులూ నిండుగా నడుస్తున్నాయని మేనేజరు గేటు దగ్గరే చెప్పాడు.

"రోజూ ఎంతమందికి వండుతావమ్మా?"

వంటావిడ గరిటె పక్కన పెట్టింది. "మూడొందలని చెప్పమన్నారు."

"చెప్పమన్నది సరే. వండేదెంతమందికి?"

"అరవై. మీరొస్తున్నారని ఇవాళ పక్క బియ్యం మిల్లు మనుషుల్ని తెచ్చి మిషన్ల దగ్గర నిలబెట్టారు. పని రాకపోయినా తిండి మాత్రం బాగానే తింటున్నారు."

ఆఫీసరు నవ్వాడు. అక్కడే బల్ల మీద కాగితం పెట్టి, గ్రేడు అట్టడుగుకు దించాలని రాశాడు. అది బయటికొస్తే ఈ మిల్లుకు ఎవరూ అప్పివ్వరు. నెల తిరక్కుండా మూతపడుతుంది.

"ఇంత ధైర్యంగా చెప్పేశావు. ఉద్యోగం పోదూ?"

"పోతే ఇంకోచోట వండుకుంటాను. ఇల్లు కట్టుకుందామని దాచిన నాలుగు లక్షలూ ఈ మిల్లు బాండ్లలో పెట్టాను బాబూ. ఉన్నమాట చెబితే మీరు వెనక్కి ఇప్పిస్తారని చెప్పాను."

ఆఫీసరు కలం ఆపాడు. "దీంట్లో ఎందుకు పెట్టావు?"

"పోయినేడు మీ ఏజెన్సీయే మంచి గ్రేడు ఇచ్చిందిగా. అది చూసే."

ఆ గ్రేడు వేసింది అతనే. మిల్లు పంపిన కాగితాలు చూసి, ఆఫీసులో కుర్చీ దిగకుండా వేశాడు.