గాజు మూత

ప్రతి వంటింట్లోనూ మెరుపు దీపం పెట్టాలని చట్టం వచ్చాక మా వీధిలో పాలు తోడుకోవడం మానేశాయి. పొద్దున్నే పావుగంట అది చిటపటలాడుతూ నీలంగా వెలుగుతుంది. ఆ వెలుగు తగిలిన చోట ఏ సూక్ష్మజీవీ బతకదు. గిన్నెల మూతలు తీసిపెట్టాలి. పెరుగు కావాలంటే ప్యాకెట్లో తెల్లటి జిగురు కొనుక్కోవాలి.

మా అత్తగారిచ్చిన తోడు మాత్రం నా దగ్గర ఇంకా బతికే ఉంది. వీధి మొత్తానికి అదే ఆఖరిది.

ఇవాళ దీపం వెలుగుతుండగానే తనిఖీదారు భాస్కరరావుగారు వచ్చారు.

"ఆ గిన్నెకి మూతేంటమ్మా?"

"గాజుదండీ, దుమ్ము పడకుండా. చూడండి, వెలుగు పెరుగు మీదే పడుతోంది."

ఆయన కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. పెరుగు నీలంగా మెరుస్తోంది. తృప్తిగా సంతకం పెట్టేశారు.

కంటికి కనిపించే నీలం గాజును దాటుతుంది. చంపే వెలుగు దాటలేదు. కళ్లజోడులో ఆయన కళ్లను కాపాడుతున్నదీ గాజే. బీయస్సీ చదివిన నన్ను ఈ సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు.

"ఎండన పడి వచ్చారు, మజ్జిగ పుచ్చుకోండి."

గ్లాసు ఖాళీ చేశాక ఆయన మొహం మారింది. "ఇది... పుల్లగా ఉందేంటమ్మా? ప్యాకెట్ది కాదే!"

"కాదండీ."

"కేసు రాస్తాను!"

"రాయండి. అంతా సరిగ్గా ఉందని సంతకం పెట్టింది మీరే, సాక్ష్యం మీ కడుపులోనే ఉంది. దాన్ని దీపం కింద పెట్టాలంటే ముందు మీ కడుపు మూత తీయాలి మరి."

ఆయన మీసం తుడుచుకుని మెట్లు దిగారు.

సాయంత్రానికి కింది మూడు వాటాల్లోనూ పాలు తోడుపెట్టించాను. గాజు మూతలు కూడా నేనే ఇచ్చాను.